వాడుకరి తప్పు లేకుండానే పాస్‌వర్డు చేతులు మారితే

సంపాదకులకు నమస్కారం.

సైబర్ నేరాల మీద మీ పత్రికలో వచ్చే వార్తలనూ, వాటితోపాటు మీరు ఇచ్చే జాగ్రత్తలనూ నేను క్రమం తప్పకుండా చదువుతాను. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని, తెలియని లింకులు నొక్కవద్దని, పోలీసులమంటూ వీడియో కాల్ చేసి బెదిరించేవారిని నమ్మవద్దని మీరు రాస్తున్న మాటలు ఎన్నో కుటుంబాల సొమ్మును కాపాడాయని నమ్ముతున్నాను. అయితే ఆ హెచ్చరికలన్నిటికీ పునాది ఒకటే: పొరపాటు చేసేవాడు మనిషి కాబట్టి జాగ్రత్తపడవలసిందీ మనిషే. మనిషి ఏ పొరపాటూ చెయ్యకపోయినా, అతని తరఫున ఇంటర్నెట్‌లోకి వెళ్లి పని చక్కబెట్టుకొచ్చే సాఫ్ట్‌వేరే అతని పాస్‌వర్డును ఇవ్వకూడని చోట ఇచ్చి వచ్చే సందర్భాలు కూడా ఉన్నాయి. నేను చదివినంతలో తెలుగు పత్రికల్లో వాటికి చోటు దక్కలేదు. కంప్యూటర్ నెట్‌వర్క్‌ల నిర్వహణలో పనిచేసి, ఇప్పుడు విద్యార్థులకు అదే పాఠం చెబుతున్న వ్యక్తిగా, అలాంటి ఒక లోపాన్ని మీ పాఠకుల ముందు వివరంగా ఉంచడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. విషయం కొంత సాంకేతికమైనది కాబట్టి ఉత్తరం కాస్త పెద్దదైంది. సగంలో కత్తిరిస్తే అర్థం చెడుతుంది గనుక వీలైతే పూర్తిగా ప్రచురించమని కోరుతున్నాను.

వెబ్ అనగానే మనకు తోచేది క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్. కానీ వెబ్ సర్వర్లతో మాట్లాడేవి బ్రౌజర్లు మాత్రమే కావు. చెల్లింపు జరిగిందో లేదో బ్యాంకు సర్వర్‌ను అడిగే దుకాణం వెబ్‌సైటూ, విద్యార్థుల తల్లిదండ్రులకు ఎస్‌ఎంఎస్ పంపమని మరో సంస్థను కోరే కళాశాల పోర్టలూ, రాత్రిపూట తనంతట తాను కొత్త వెర్షన్‌ను దించుకునే టీవీ పెట్టే కూడా ఆ క్షణంలో వెబ్ క్లయింట్లే, అంటే సర్వర్‌ను సమాచారమో సేవో కోరే ప్రోగ్రాములే. ఇలాంటి పనులకు ప్రపంచమంతటా అత్యధికంగా వాడే సాఫ్ట్‌వేర్లలో కర్ల్ ఒకటి. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బెర్గ్ నాయకత్వంలో, 1998 మార్చి 20న ఆ పేరుతో తొలిసారి విడుదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేరు ఇవాళ ఫోన్లలో, కార్లలో, టీవీల్లో, ఆటల యంత్రాల్లో, సర్వర్లలో ఉంది. 2018 నుంచి విండోస్‌తోపాటే వస్తోంది. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన వెబ్‌సైట్లు బయటి సర్వర్‌ను పలకరించేది చాలావరకు దీని లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు తమలో కలుపుకునే కోడ్) ద్వారానే. ప్రపంచంలో 2,000 కోట్లకు పైగా చోట్ల ఇది ఉండవచ్చని స్టెన్‌బెర్గ్ అంచనా. ఇంత విస్తరించిన సాఫ్ట్‌వేరు పేరు, దాన్ని రోజూ తెలియకుండానే వాడే కోట్లమందిలో చాలామంది చెవిన ఒక్కసారి కూడా పడి ఉండదు.

2024 డిసెంబరు 11న కర్ల్ బృందం 8.11.1 వెర్షన్‌ను విడుదల చేస్తూ, సీవీఈ-2024-11053 అనే సంఖ్యతో ఒక లోపాన్ని ప్రకటించింది (సీవీఈ అంటే బయటపడిన భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య). కొన్ని పరిస్థితుల్లో కర్ల్ ఒక సైటు కోసం ఉద్దేశించిన పాస్‌వర్డును మరో సైటుకు పంపేస్తోందన్నది ఆ ప్రకటన సారాంశం. 2000 మార్చిలో వచ్చిన 6.5 వెర్షన్ నుంచీ ఆ లోపం అందులో ఉంది. అంటే 24 ఏళ్లకు పైగా, వేలమంది ప్రోగ్రామర్లు చదువుకోవడానికి వీలుగా తెరిచి ఉన్న కోడ్‌లో, ఎవరి కంటా పడకుండా కొనసాగింది.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే ముందు రీడైరెక్ట్ అంటే ఏమిటో తెలియాలి. మనం ఒక చిరునామాకు వెళ్లినప్పుడు అక్కడి సర్వర్ ‘మీరు అడిగినది ఇక్కడ లేదు, ఫలానా చిరునామాలో ఉంది’ అని జవాబివ్వవచ్చు. 301, 302, 307 వంటి సంఖ్యలతో వచ్చే ఆ జవాబును చూసి క్లయింట్ మనల్ని అడగకుండానే రెండో చిరునామాకు వెళుతుంది. వెబ్ ఇంత సాఫీగా నడవడానికి ఈ ఏర్పాటు ఎంతో అవసరం. చిక్కంతా మొదటి చోటికి మనం పాస్‌వర్డు ఇచ్చి పంపినప్పుడు వస్తుంది. సంతకం చేసిన చెక్కు ఇచ్చి కోఠీలో ఒక దుకాణానికి మనిషిని పంపామనుకుందాం. అక్కడివారు ‘ఆ సరుకు ఇప్పుడు బేగంబజారులో ఇస్తున్నారు, అక్కడికి వెళ్లండి’ అన్నారు. అతను బేగంబజారు వెళ్లడం వరకు సబబే, కానీ కోఠీ దుకాణానికని మనం సంతకం చేసిన చెక్కును మనల్ని అడగకుండా బేగంబజారులోని అపరిచితుడి చేతిలో పెట్టి వస్తే, అతని నిజాయితీని శంకించనవసరం లేకపోయినా మన సొమ్ముకు మాత్రం పూచీ లేదు. పాస్‌వర్డు ఎవరి కోసం ఇచ్చారో వారికి మాత్రమే చెందుతుంది. క్లయింట్ సాఫ్ట్‌వేరు పాటించవలసిన మొదటి నియమం ఇదే.

కర్ల్‌కు ఈ నియమం తెలియక కాదు. ఆదేశంలో నేరుగా ఇచ్చిన పేరునూ పాస్‌వర్డునూ, వాడుకరి ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, రీడైరెక్ట్ తర్వాత వేరే సైటుకు పంపకూడదన్నది అది ఎన్నో ఏళ్లుగా పెట్టుకున్న పద్ధతి. 2024లో బయటపడిన లోపం మరో మూలన ఉంది. యూనిక్స్ ఆపరేటింగ్ వ్యవస్థల్లో, ఫైళ్లు పంపుకునే పాత పద్ధతి అయిన ఎఫ్‌టీపీ కాలం నుంచీ నెట్‌ఆర్‌సీ అనే చిన్న ఫైలు ఒకటి వాడుకలో ఉంది. వాడుకరి సొంత డైరెక్టరీలో ఉండే ఆ ఫైలులో ఏ సైటుకు ఏ లాగిన్ పేరు, ఏ పాస్‌వర్డు అన్నది మామూలు అక్షరాల్లోనే రాసి ఉంటుంది. ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ పాస్‌వర్డు టైపు చెయ్యనక్కరలేకుండా కర్ల్ ఆ ఫైలును చదువుకుని తగిన పాస్‌వర్డు తీసుకుంటుంది. ఇప్పుడు ఆ ఫైలులో మొదటి సైటుకు పేరూ పాస్‌వర్డూ పూర్తిగా ఉండి, రెండో సైటు పేరిట నమోదు ఉన్నా అందులో పాస్‌వర్డు లేదనుకుందాం. లేదా పేరు, పాస్‌వర్డు రెండూ లేవనుకుందాం. మొదటి సైటు రెండో సైటుకు దారి మళ్లించినప్పుడు, రెండోదానికి పాస్‌వర్డు దొరకక కర్ల్ ఖాళీ చేతులతో వెళ్లాలి. అలా వెళ్లకుండా మొదటి సైటు పాస్‌వర్డునే తీసుకుపోయి రెండో సైటుకు ఇచ్చేది. లోపం ఇంతే. చెప్పడానికి రెండు వాక్యాలు చాలు, కనిపెట్టడానికి పాతికేళ్లు పట్టింది.

దాన్ని సరిదిద్దాక రెండు నెలలు తిరగకుండానే అదే చోట ఇంకొకటి దొరికింది. నెట్‌ఆర్‌సీ ఫైలులో ‘మిగిలిన అన్ని సైట్లకూ’ అనే అర్థంలో ఒక సాధారణ నమోదు పెట్టుకోవచ్చు. ఆ నమోదులో పేరు, పాస్‌వర్డు రెండూ ఖాళీగా ఉంటే అప్పుడు కూడా మొదటి సైటు పాస్‌వర్డు తర్వాతి సైటుకు వెళ్లగలదని తేలింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 8.12.0 వెర్షన్‌లో దాన్నీ పూడ్చారు.

ఇవి అరుదైన పరిస్థితులేనని ఎవరైనా అనవచ్చు. నిజమే, ఒక్కొక్కదాన్ని విడిగా చూస్తే అరుదైనవే. అయితే వీటి వరుస చూస్తే నాకు కలత కలుగుతోంది. 2018 జనవరిలో కర్ల్ 7.58.0 విడుదలైనప్పుడు సరిచేసిన లోపం కూడా ఇదే కుటుంబానికి చెందినది. అప్పుడు పోయినవి పాస్‌వర్డులు కావు, ప్రోగ్రామర్లు తమ అభ్యర్థనకు స్వయంగా జోడించే అధికార టోకెన్లు, అంటే పాస్‌వర్డులా పనిచేసే రహస్య సంకేతాలు. రీడైరెక్ట్ ఎటు తీసుకుపోతే అటు అవి కూడా వెళ్లేవి. ఆ లోపం 1999 నాటికే కోడ్‌లో ఉంది. ఆ రోజుల్లో అలాంటి టోకెన్లు వాడేవారు తక్కువ కాబట్టి నష్టమూ తక్కువే. తర్వాతి కాలంలో ప్రతి సేవా ఏపీఐ కీ (ఒక ప్రోగ్రాము మరో సేవను వాడుకోవడానికి చూపే అలాంటి టోకెన్) మీద నడవడం మొదలైంది, కోడ్ మారకపోయినా ముప్పు పెరిగింది. నాలుగేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో, 7.83.0 వెర్షన్‌తో మరో సవరణ వచ్చింది. ‘రెండో చోటు మొదటి చోటేనా’ అని తేల్చేటప్పుడు కర్ల్ సర్వర్ పేరును మాత్రమే పోల్చి చూస్తోందని, పోర్టు సంఖ్య (ఒకే సర్వర్‌లోని సేవలను వేరుచేసే అంకె) మారినా ప్రోటోకాల్ (సంభాషణ పద్ధతి) మారినా పట్టించుకోవడం లేదని అప్పుడు తెలిసింది. ఒకే సర్వర్ పేరు కింద వేర్వేరు పోర్టుల్లో వేర్వేరు మనుషులు నడిపే సేవలు ఉండవచ్చు కదా.

ఈ జబ్బు కర్ల్‌కు మాత్రమే వచ్చినది కాదు. పైథాన్ భాషలో దాదాపు అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ, సంకేత భద్రత ఉన్న చిరునామా నుంచి భద్రత లేని చిరునామాకు దారి మళ్లినప్పుడు సర్వర్ పేరు ఒకటే అయితే అధికార వివరాలను అలాగే పంపేసేది. 2018 అక్టోబరులో 2.20.0 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. అదే లైబ్రరీ, మోసపూరితంగా కూర్చిన చిరునామాను తప్పుగా చదివి నెట్‌ఆర్‌సీ ఫైలులోని వివరాలను పరాయి సైటుకు ఇవ్వగలదని తేలాక, 2025 జూన్‌లో 2.32.4 వెర్షన్ వచ్చింది. ఫైళ్లు దించుకోవడానికి లినక్స్ వాడేవారికి చిరపరిచితమైన డబ్ల్యుగెట్‌లోనూ, రీడైరెక్ట్ తర్వాత అధికార వివరాలను తీసివెయ్యకుండా వేరే సైటుకు పంపే లోపం 2021లో నమోదైంది. 2020 ఏప్రిల్‌లో, ప్రోగ్రామర్లు కోడ్ మార్పులను భద్రపరచుకోవడానికి వాడే గిట్‌లో బయటపడినది మరీ విచిత్రం. చిరునామాలో సంకేతరూపంలో ఒక కొత్త వరుస గుర్తును దాచిపెడితే, గిట్‌కు పాస్‌వర్డులు అందించే సహాయక ప్రోగ్రాము తప్పుదారి పట్టి, ఒక సైటుకు చెందిన పాస్‌వర్డును దాడి చేసేవారి సైటుకు ఇచ్చేది. దాన్ని మూసిన వారంలోపే అదే కోవకు చెందిన ఇంకో లోపానికి మరో వెర్షన్ విడుదల చెయ్యవలసి వచ్చింది.

ఈ ప్రోగ్రాములు రాసినవారు వేర్వేరు దేశాలవారు, రాసిన భాషలూ వేర్వేరు. అయినా అందరూ ఒకే చోట కాలు జారారు. దీనికి నాకు తోచే కారణం ఒకటుంది. ‘ఈ పాస్‌వర్డు ఎవరిది’ అన్న ప్రశ్నను ప్రోగ్రాము ఒక్కసారే, మొదటి చిరునామా చదివేటప్పుడే వేసుకుంటుంది. ఆ తర్వాత పాస్‌వర్డు ప్రోగ్రాము చేతిలో ఉండిపోతుంది, చిరునామా మాత్రం మారిపోతుంది. చిరునామా మారిన ప్రతిసారీ ఆ ప్రశ్నను మళ్లీ వేసుకోవాలంటే ఆ నియమాన్ని రాసిపెట్టి ఉండాలి. క్లయింట్లూ వెబ్ సర్వర్లూ మాట్లాడుకునే పద్ధతిని నిర్ణయించే హెచ్‌టీటీపీ ప్రమాణం చాలాకాలం ఈ విషయంలో స్పష్టంగా మాట్లాడలేదు. 2022 జూన్‌లో వెలువడిన దాని కొత్త ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9110 మాత్రం, రీడైరెక్ట్‌ను అనుసరించేటప్పుడు అధికార వివరాలనూ కుకీలనూ తొలగించే విషయాన్ని క్లయింట్లు పరిశీలించాలని పేరు పెట్టి చెప్పింది. అది కూడా సలహా రూపంలోనే ఉంది, ఆజ్ఞ రూపంలో లేదు. వెబ్ పుట్టి 30 ఏళ్లు దాటాక ఇంత మౌలికమైన మాట ప్రమాణంలోకి రావడం ఆలస్యమేనని నా అభిప్రాయం.

కర్ల్ బృందాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. నిజానికి వారి నడవడి చూసి మన సంస్థలు నేర్చుకోవలసింది చాలా ఉంది. లోపం ఏ వెర్షన్‌లో మొదలైందో, ఏ వెర్షన్‌తో ముగిసిందో, ఏ పరిస్థితిలో ప్రమాదమో, అప్‌డేట్ చేసుకోలేనివారు ఏం చెయ్యాలో ప్రతి లోపానికీ విడిగా ఒక పేజీ రాసి అందరికీ అందుబాటులో ఉంచుతారు. పాతికేళ్ల నాటి తప్పును పాతికేళ్ల నాటిదని వారే చెప్పారు. మన దగ్గర డబ్బు తీసుకుని సాఫ్ట్‌వేరు తయారుచేసే సంస్థల్లో ఎన్ని ఇలాంటి పేజీ రాస్తున్నాయి? తమ యాప్‌లో లోపం దొరికిందని చెప్పిన విద్యార్థికి కృతజ్ఞత చెప్పే సంస్థలకన్నా పోలీసు ఫిర్యాదు చేస్తామని బెదిరించే సంస్థల గురించే నా విద్యార్థుల నోట ఎక్కువగా విన్నాను.

2024 డిసెంబరులో ప్రకటించిన లోపం తీవ్రత ఎంత అన్న విషయంలో జరిగిన వాదం పత్రికలు ప్రత్యేకంగా గమనించవలసినది. కర్ల్ బృందం దీన్ని ‘తక్కువ’ తీవ్రత గల లోపంగా ప్రకటించింది. లోపాల జాబితాకు అదనపు సమాచారం చేర్చే బాధ్యతలో ఉన్న అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సిసా మాత్రం తొలుత పదికి 9.1 వేసింది. అంటే అత్యంత ప్రమాదకరమని అర్థం. కర్ల్ బృందం అభ్యంతరం చెప్పాక దాన్ని తగ్గించింది. లోపం ఒకటే అయినా మూడు తీర్పులు వచ్చాయి. సాఫ్ట్‌వేరు ఎక్కడ, ఎలా వాడుతున్నారో తెలియకుండా తీవ్రతను ఒక్క అంకెలో కుదించడం సాధ్యం కాదని స్టెన్‌బెర్గ్ వాదన. నాకు అది సమంజసంగానే తోచింది. నెట్‌ఆర్‌సీ ఫైలే లేని ఫోనులో ఈ లోపం వల్ల ఏమీ కాదు. అదే ఒక సంస్థ తన సర్వర్లన్నిటికీ నిర్వాహక పాస్‌వర్డులు ఆ ఫైలులో పెట్టుకుని, బయటివారు దారి మళ్లించగల చిరునామాలకు రోజూ కర్ల్‌ను పంపుతూ ఉంటే, ఆ సంస్థకు ‘తక్కువ’ అన్న మాట ఏ ధైర్యమూ ఇవ్వదు.

అతిగా భయపెట్టినా నష్టమే. 2023లో విండోస్‌లోని కర్ల్ పాతబడిందని, అందులో ప్రమాదకరమైన లోపం ఉందని భద్రతా స్కానర్లు ఎర్ర గుర్తులు చూపిస్తుంటే, కొందరు ఆ ఫైలునే సిస్టమ్ ఫోల్డర్‌లోంచి తీసేశారు. అది విండోస్ సొంత ఫైలు కావడంతో తర్వాతి విండోస్ అప్‌డేట్లు ఎక్కక చిక్కుల్లో పడ్డారు. అలా చెయ్యవద్దని స్టెన్‌బెర్గ్ బహిరంగంగా రాయవలసి వచ్చింది. వెర్షన్ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పడం లినక్స్ విషయంలో ఇంకా పొరపాటు. ఉబుంటు, రెడ్‌హ్యాట్ వంటి పంపిణీలు పాత వెర్షన్ అంకెను అలాగే ఉంచి, భద్రతా సవరణను మాత్రం అందులో కలుపుతాయి. కాబట్టి ఆ పంపిణీ వెలువరించిన ప్రకటనలో ఈ సీవీఈ సంఖ్య ఉందో లేదో చూడాలి తప్ప, ‘మాది 8.12 కాదు కాబట్టి మునిగాం’ అని గానీ, ‘ఏదో పాతదే నడుస్తోంది కదా’ అని గానీ అనుకోకూడదు.

ఇక మన ఊళ్ల సంగతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చిన్న సంస్థలు, కళాశాలలు, సహకార సంఘాలు, ఆసుపత్రుల వెబ్‌సైట్లు చాలావరకు ఒక పద్ధతిలో పుడతాయి. ఎవరో ఒక కాంట్రాక్టరు తయారుచేసి అప్పగిస్తారు, ఏడాదిపాటు నిర్వహణ ఒప్పందం ఉంటుంది, అది ముగిశాక సైటు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఏ సర్వర్‌లో ఉందో, దాని మీద కర్ల్ ఏ వెర్షనో, దాన్ని అప్‌డేట్ చెయ్యవలసినది ఎవరో అడిగితే జవాబు చెప్పేవారు ఉండరు. ఒక కార్యాలయంలో సర్వర్ మార్పిడికి సాయం చెయ్యమని నన్ను పిలిచినప్పుడు, రాత్రిళ్లు సమాచారం తీసుకొచ్చే స్క్రిప్టులోనే మరో విభాగం పాస్‌వర్డు మామూలు అక్షరాల్లో రాసి ఉంది. ఆ స్క్రిప్టు రాసిన ఉద్యోగి ఎప్పుడో వెళ్లిపోయారు. పాస్‌వర్డు మారిస్తే ఏది ఆగిపోతుందో తెలియదు కాబట్టి ఎవరూ మార్చడం లేదని అక్కడివారు చెప్పారు. వారిని తప్పుపట్టలేను, వారికి ఆ పని అప్పగించినవారే లేరు. అయితే ఇలాంటి స్క్రిప్టు చేతిలో పాత క్లయింట్ ఉంటే, నేను పైన చెప్పిన ‘అరుదైన పరిస్థితి’ ఎంతమాత్రం ఊహాజనితం కాదు.

చట్టం వైపు నుంచి చూస్తే సాధనాలు లేకపోలేదు. లోపం వల్ల సంఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లో తనకు చెప్పాలని, వ్యవస్థల లాగ్‌లను (కార్యకలాపాల నమోదులను) 180 రోజులు భద్రపరచాలని, సైబర్ భద్రతా సంఘటనలను చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. వ్యక్తిగత సమాచారానికి తగిన రక్షణ కల్పించనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వెయ్యవచ్చని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అంటోంది. ఈ ఉత్తరం విషయానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది మాత్రం 2024 అక్టోబరులో సెర్ట్-ఇన్ వెలువరించిన మార్గదర్శకాలు. ఒక సాఫ్ట్‌వేరులో ఏయే బయటి భాగాలు, ఏయే వెర్షన్లు కలిసి ఉన్నాయో తెలిపే పూర్తి జాబితాను తయారీదారు ఇవ్వాలని, కొనేవారు అడిగి తీసుకోవాలని, ప్రభుత్వ రంగాన్నీ అత్యవసర సేవల సంస్థలనూ సాఫ్ట్‌వేరు ఎగుమతి సంస్థలనూ ఉద్దేశించి అది చెప్పింది. మందు పెట్టె మీద అందులోని పదార్థాలు రాయకుండా అమ్మడానికి మనం ఒప్పుకోం. జిల్లా స్థాయి టెండరు పత్రంలో కూడా ఈ జాబితాను తప్పనిసరి చేసి, భద్రతా సవరణ వచ్చినప్పుడు ఎన్ని రోజుల్లో ఎవరు దాన్ని వెయ్యాలో, ఒప్పందం ముగిశాక ఆ బాధ్యత ఎవరికి బదిలీ అవుతుందో రాతపూర్వకంగా ఉంచమని రెండు రాష్ట్ర ప్రభుత్వాల సమాచార సాంకేతిక శాఖలనూ కోరుతున్నాను. దీనికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు, ఒప్పందంలో రెండు నిబంధనలు చేరిస్తే సరిపోతుంది.

చదువు చెప్పేవారిగా మా వంతు కూడా ఉంది. బయటి సర్వర్‌ను పిలిచే ప్రోగ్రాము రాయమంటే, విద్యార్థులు రీడైరెక్ట్‌లను అనుసరించమనే మీటను అలవాటుగా నొక్కేస్తారు. సర్వర్ ధ్రువపత్రం సరిపోలడం లేదన్న దోషం వస్తే, ఆ తనిఖీనే ఆపేసే మీటను ఇంకా సులువుగా నొక్కేస్తారు. ప్రోగ్రాము నడిచింది కాబట్టి మార్కులు పడతాయి. అదే అలవాటు రేపు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉద్యోగంలో కొనసాగుతుంది. తెలుగువారు ఇంతమంది సాఫ్ట్‌వేరు రంగంలో ఉన్నారని గర్వించే మనం, వారు రాసే ప్రోగ్రాముల చేతిలో ఎవరెవరి పాస్‌వర్డులు ఉన్నాయో కూడా ఆలోచించాలి. ప్రయోగశాలలో ఒక్క అభ్యాసం చేర్చినా చాలు. విద్యార్థులే రెండు చిన్న సర్వర్లు పెట్టి, మొదటిదాని నుంచి రెండోదానికి దారి మళ్లించి, తాము పంపిన టోకెన్ రెండో సర్వర్ లాగ్‌లో కనిపిస్తుందో లేదో కళ్లారా చూడాలి. పాత వెర్షన్‌తో ఒకసారి, కొత్త వెర్షన్‌తో ఒకసారి చూస్తే వంద పేజీల పాఠం ఒక గంటలో అర్థమవుతుంది.

ఈ రంగంలో పనిచేస్తూ ఈ ఉత్తరం చదివేవారికి కొన్ని మాటలు. కర్ల్‌ను 8.12.0కి గానీ తర్వాతి వెర్షన్‌కు గానీ, లేదా మీ పంపిణీ సవరించి ఇచ్చిన ప్యాకేజీకి గానీ మార్చుకోండి. ప్రోగ్రాముల లోపల విడిగా కలిపి ఉన్న కర్ల్ ప్రతులు వ్యవస్థ అప్‌డేట్‌తో మారవు కనుక వాటిని వెతికి పట్టుకోండి. నెట్‌ఆర్‌సీ ఫైలు వాడక తప్పనప్పుడు సగం నింపిన నమోదులు, ఖాళీ సాధారణ నమోదులు తీసెయ్యండి, ఆ ఫైలును మీరు తప్ప ఎవరూ చదవలేని విధంగా అనుమతులు పెట్టండి. రీడైరెక్ట్‌లను పూర్తిగా ఆపెయ్యమని నేను చెప్పను. నాసా వారి భూపరిశీలన సమాచారాన్ని దించుకునే పరిశోధకులకు లాగిన్ సైటుకు దారి మళ్లడం, నెట్‌ఆర్‌సీ నుంచి పాస్‌వర్డు తీసుకోవడం ఆ ఏర్పాటులో భాగమే. అక్కడ ఏ చిరునామాకు పాస్‌వర్డు వెళ్లాలో ముందే తెలుసు. మీ ప్రోగ్రాము పిలిచే సేవకు దారి మళ్లించే అవసరం లేకపోతే మాత్రం ఆ మీటను నొక్కకుండా వదిలెయ్యండి, ఎప్పుడైనా రీడైరెక్ట్ వస్తే దోషంగా నమోదు చెయ్యండి. వీలైన చోటల్లా శాశ్వత పాస్‌వర్డు బదులు, ఒక పనికి మాత్రమే పనికివచ్చే, కొద్దికాలానికే చెల్లిపోయే టోకెన్ వాడండి. బయటికి పోయిందని అనుమానం కలిగితే సాఫ్ట్‌వేరును అప్‌డేట్ చేసినంత మాత్రాన పని తీరదు. పోయిన పాస్‌వర్డు పోయినట్టే కాబట్టి దాన్ని రద్దు చేసి కొత్తది పెట్టుకోవాలి.

సామాన్య పాఠకులకు ఈ లోపం మీద నేరుగా చెయ్యగలిగింది తక్కువ. ఫోను, కంప్యూటర్ అప్‌డేట్లను వాయిదా వెయ్యకుండా ఉండడం, ఒకే పాస్‌వర్డును పది చోట్ల వాడకుండా ఉండడం మాత్రం వారి చేతిలోనే ఉంది. రెండోది ముఖ్యం. ఏ సాఫ్ట్‌వేరు తప్పు వల్లనైనా ఒక పాస్‌వర్డు పరాయి చేతికి వెళ్లినప్పుడు, అది ఒక్క ఖాతాకే పరిమితమైతే నష్టమూ అక్కడితో ఆగుతుంది.

సంపాదకులుగా మీకు నా విన్నపం ఒకటే. సెర్ట్-ఇన్ తరచుగా వెలువరించే హెచ్చరికలు ఇంగ్లీషులో, నిపుణుల భాషలో ఉంటాయి. వాటిలో మన ఊళ్లలో విస్తృతంగా వాడే సాఫ్ట్‌వేరుకు చెందినవి ఎంచి, వారానికి ఒకసారి అయినా తెలుగులో ఇవ్వండి. అందులో ‘హ్యాకర్ల చేతికి కోట్ల పాస్‌వర్డులు’ వంటి శీర్షిక కన్నా ఏ సాఫ్ట్‌వేరు, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ వరకు, ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, సవరణ వచ్చిందా లేదా అన్న వివరాలు ఉపయోగపడతాయి. ఒక సంస్థ నుంచి సమాచారం బయటపడిందన్న వార్త రాసినప్పుడు, వినియోగదారులకు జాగ్రత్తలు చెప్పి ఊరుకోకుండా, ఆ సంస్థ వాడిన సాఫ్ట్‌వేరును ఎప్పుడు అప్‌డేట్ చేసిందో, ఆ బాధ్యత ఎవరిదో మీ విలేఖరులు అడిగి ఆ జవాబును కూడా అచ్చువెయ్యాలని కోరుతున్నాను. జవాబు రాకపోతే రాలేదనే వెయ్యండి. అలాంటి శీర్షిక మొదలుపెడితే సాంకేతిక వివరాలు సరిచూసి ఇవ్వడానికి నేనూ నా సహ అధ్యాపకులూ ప్రతిఫలం ఆశించకుండా సిద్ధంగా ఉన్నాం.

భవదీయ
కంప్యూటర్ నెట్‌వర్క్‌ల బోధకులు, కాకినాడ